కింది బాణం మర్యాద

ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని పెద్ద గది మాది. పైన ఆపరేషన్లలో వాడిన కత్తెరలు, పటకార్లు, గిన్నెలు తోపుడుబండ్ల మీద మా దగ్గరికి దిగుతాయి. మేం వాటిని కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద ప్రతి కీలూ తెరిచి చూసి, ట్రేలో లెక్క సరిపెట్టి, నీలం గుడ్డలో మూట కట్టి ఆవిరి యంత్రంలో పెడతాం. ఆవిరి వేడి సరిగ్గా తగిలి, మూటకి అంటించిన టేపు మీద చారలు నల్లబడితేనే అది పైకి వెళ్తుంది. నల్లబడలేదా, మళ్ళీ మొదటికే. పెద్ద డాక్టరుగారు స్వయంగా దిగొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఆ మూట మా చేతుల్లోంచి కదలదు.

ఇంత కరాఖండిగా ఉండే ఆడవాళ్ళం, పక్కనున్న మనిషి వచ్చి "రేపు సాయంత్రం నా డ్యూటీ నువ్వు చేస్తావా?" అంటే మాత్రం నీళ్ళు నములుతాం. కుదరదని చెప్పడానికి నోరు పెగలదు. ఒకరికి ఉన్నట్టుండి బాత్రూమ్ గుర్తొస్తుంది. ఇంకొకరు "మా ఆయన్ని అడిగి చెబుతానే" అంటారు. పెళ్ళయిన నాటినుంచీ మొగుణ్ణి ఏ విషయమూ అడిగి ఎరగని మహాతల్లులు కూడా ఈ ఒక్కదానికి ఆయన్ని అడ్డం పెట్టుకుంటారు.

అలాంటి మాకు ఆసుపత్రివాళ్ళు ఫోన్లో ఒక వేదిక పెట్టారు. సిబ్బంది అందరూ అందులో రాసుకోవచ్చట. ఎవరు ఏం రాసినా పక్కన రెండు బాణాలుంటాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. అవి ఎందుకో ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పకపోతే చేతులు కట్టుకుని కూర్చునే రకమా మేము? డ్యూటీ మార్పిడికి వాడుకోవడం మొదలుపెట్టాం.

ఎవరైనా "గురువారం సాయంత్రం ఎవరైనా వస్తారా?" అని పోస్టు పెడితే, వచ్చేవాళ్ళు పై బాణం నొక్కుతారు. అంతే, మాటిచ్చినట్టే. ఇక రాలేనివాళ్ళ సంగతి. మూటలు కట్టడంలో మా అందరికీ గురువైన మూటల వదిన ఒకరోజు ఆలోచించి ఆలోచించి కింది బాణం నొక్కింది. "పైది వస్తానని అయితే, కిందది రాలేనమ్మా ఏమనుకోకు అనేగా?" అంది. అబ్బ, మాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ బాత్రూముల్లో దాక్కున్న బతుకులు! ఆ రోజునుంచి మా గదిలో అదే మర్యాద. పోస్టు చూశావా, రాగలిగితే పైకి నొక్కు, రాలేకపోతే కిందికి నొక్కి క్షమాపణ చెప్పుకో. చూసి కూడా ఏదీ నొక్కకుండా పోవడం మాత్రం మొహం మీద తలుపు వేయడంతో సమానం.

ఆ తలుపు మేం ఒక్క మనిషికే వేసేవాళ్ళం. ఆవిడకి వెనకాల మేం పెట్టుకున్న పేరు సైరన్. నోరు విప్పిందంటే ఆవిరి యంత్రం మోత వినిపించదు. ఎవరి మూటలోనైనా మడత తప్పు పడితే చాటుగా చెప్పదు, బల్ల మీద అందరి ముందూ విప్పి, "ఇది మూటా, బీరువాలోంచి జారిపడ్డ పరుపా?" అంటుంది. మడత తప్పే పడి ఉంటుంది, ఆ మాట వేరే. ఆవిడ ఎప్పుడైనా పోస్టు పెడితే అందరం చూసేవాళ్ళం, ఎవరమూ ఏ బాణమూ ముట్టుకునేవాళ్ళం కాదు.

ఇక అందరికంటే ఎక్కువ కింది బాణాలు పడేది పెద్దక్కకి. మా గదిలోకి వచ్చిన ప్రతి మనిషికీ పని నేర్పింది ఆవిడే. ఆవిడ పోస్టు పెడితే పట్టించుకోకుండా ఉండటానికి ఎవరికీ మనసొప్పదు. రాలేనివాళ్ళందరూ పనిగట్టుకుని వచ్చి కిందికి నొక్కి పోయేవాళ్ళు. సెలవులో ఉన్నవాళ్ళూ నొక్కేవాళ్ళు. కాన్పుకి పుట్టింటికెళ్ళిన పిల్ల కూడా ఆసుపత్రి మంచం మీదనుంచి ఒకటి నొక్కింది, అంత ప్రేమ.

పైగా పెద్దక్క పోస్టులు పెట్టేదీ ఎక్కువే, అన్నీ సాయంత్రం డ్యూటీల గురించే. ఆవిడ అత్తగారికి మతిమరుపు. తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కునే మతిమరుపు కాదు, కన్నకొడుకుని చూసి "ఎవరండీ మీరు? కూర్చోండి" అనే మతిమరుపు. పగలంతా నెమ్మదిగానే ఉంటుంది. పొద్దు వాలిందంటే "నా కోడలేదీ?" అని మొదలు. కోడలు కళ్ళెదుట ఉంటే సరే, లేకపోతే చెప్పులు తొడుక్కుని వెతకడానికి బయల్దేరుతుంది. కొడుకు ఆపితే ఆగదు, ఆయనెవరో పరాయివాడు తన దారికి అడ్డం పడుతున్నాడని కేకలు పెడుతుంది. ఒకసారి బస్సుల మధ్య నిలబడి ఉంటే ఎవరో పుణ్యాత్ములు తీసుకొచ్చి దిగబెట్టారు.

ఇలా ఉండగా మా గది ఇన్‌ఛార్జి మేడం రిటైరయ్యారు. ఇన్‌ఛార్జిది పగటి డ్యూటీ. ఆ కుర్చీ పెద్దక్కదేనని మేమంతా ఖాయం చేసేసుకున్నాం. ఆవిడా అలాగే అనుకుంది. ఒక మధ్యాహ్నం పటకార్లు ఆరబెడుతూ నాతో అంది: "ఇది వస్తే గండం గట్టెక్కుతుందే చెల్లీ. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. రాకపోతే మానెయ్యడమే. ఈసారి అత్తగారు వీధిలోకి వెళ్ళిపోతే దొరకదేమోనని నాకు భయంగా ఉంది."

మానేస్తే ఇల్లెలా గడుస్తుందని నేనడగలేదు. అడిగి ఏం ప్రయోజనం?

పాత రోజుల్లో అయితే పెద్దసారు ఒక సంతకం పెట్టేసేవారు. ఇప్పుడలా కాదట. సిబ్బంది అనుభూతి చూడటానికంటూ పైన కొత్తగా ఒక సారుని వేశారు. మా అనుభూతి ఏమిటో మాకే తెలియదు, ఆయన చూస్తాట్ట. ఏ మాట చెప్పినా గోడ మీద బొమ్మ వేసి చెబుతాడు గనక ఆయనకి స్లైడ్ల సారు అని పేరు పెట్టాం. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

ఆయన ఒకరోజు మమ్మల్నందర్నీ పై అంతస్తులో చల్లటి హాల్లో కూర్చోబెట్టి క్లాసు పెట్టాడు. గోడ మీద "డౌన్‌వోట్లను అర్థం చేసుకుందాం" అని పడింది.

"మీరు వేదిక మీద రాసే ముందు ఆ విషయం ఎవరైనా ఇంతకుముందు రాశారేమో వెతకండి. శీర్షిక స్పష్టంగా పెట్టండి. సాయం అడిగితే ముందే కృతజ్ఞతలు చెప్పండి. అన్నీ పెద్ద అక్షరాల్లో రాయకండి, అది అరిచినట్టుంటుంది," అన్నాడు.

మూటల వదిన చెయ్యెత్తింది. "మన భాషలో చిన్న అక్షరాలు ఎక్కడుంటాయి సార్?"

ఆయన ఒక్క క్షణం తడబడి, "మంచి ప్రశ్న, తర్వాత మాట్లాడుకుందాం," అని స్లైడు మార్చాడు. కింది బాణాన్నే డౌన్‌వోటు అంటారట, దాని అసలు అర్థం చెప్పాడు. ప్రపంచం మొత్తంలో దాని అర్థం ఒకటేనట: ఈ మాట పనికిరానిది, ఇది మాకక్కర్లేదు, ఇంకెవరూ దీన్ని చూడకపోతే మంచిది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"అయితే బాధపడకండి. డౌన్‌వోటు మీ మీద కాదు, మీ పోస్టు మీద మాత్రమే," అని ఓదార్చాడు. ఓదార్చి, ఆ వెంటనే ఇంకో స్లైడు వేశాడు. మా గదిలో ఒక్కొక్కరికి ఎన్ని డౌన్‌వోట్లు వచ్చాయో నిలువు గీతల బొమ్మ. పేర్లు లేవు, మర్యాద కదా! అన్ని గీతలూ చీమంత ఉంటే, ఒకటి మాత్రం కొబ్బరిచెట్టంత లేచింది. "తోటివారి ఆమోదం లేని నాయకత్వం నిలబడదు. ఇన్‌ఛార్జి ఎంపికలో దీన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటాం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "సార్, డౌన్‌వోటు మనిషి మీద కాదన్నారు. మరి ఉద్యోగం పోస్టుకిస్తారా, మనిషికిస్తారా?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "చాలా మంచి ప్రశ్న," అని ఎక్కడో రాసుకున్నాడు. ఆయన రాసుకున్న మంచి ప్రశ్నలన్నీ ఎక్కడికి పోతాయో నాకిప్పటికీ తెలియదు.

పెద్దక్క మాత్రం నవ్వలేదు. కిందికి వచ్చాక కడిగే తొట్టి దగ్గర నిలబడి, కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"చెల్లీ, నిజం చెప్పు. అవన్నీ ఏమనుకోకు అనే నొక్కారంటావా?"

"ఇంకేమని నొక్కుతారక్కా? మనం పెట్టుకున్న పద్ధతే కదా!"

"పద్ధతి మనదే. కానీ అందరికీ ముందే దాని అసలు అర్థం తెలుసేమో. ఎప్పుడు చూసినా సాయంత్రం, సాయంత్రం అని ప్రాణాలు తోడుతున్నాననుకుని, ఎవరో ఒకళ్ళిద్దరు నిజంగానే విసుగొచ్చి నొక్కి ఉంటారు. అందులో అవేవో, ఇవేవో నాకెలా తెలుస్తుంది?"

నిన్నటిదాకా ఆ బాణాలు చూసుకుని మురిసిపోయిన మనిషి. స్లైడ్ల సారు ఒక్క బొమ్మతో ఆవిడ గుండెలో పుల్ల పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే పైకెక్కి ఆయన గది తలుపు కొట్టాను.

కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. మా బాత్రూముల సంగతి, మూటల వదిన కనిపెట్టిన సంగతి, కాన్పు మంచం మీది పిల్ల సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"అద్భుతం. ఇదే మాట వేదిక మీద పోస్టు పెట్టండి."

"మీకు చెప్పాను కదా సార్?"

"నాకు కాదండీ, సముదాయానికి చెప్పాలి. సముదాయం ఒప్పుకుంటే నేను కాదనేదేముంది?"

ఆ సముదాయమంటే మేమే. మాకు తెలిసిన సంగతి మాకే చెప్పి, మేం ఒప్పుకున్నామని ఆయనకి చూపించాలన్నమాట. సరే, దీనికీ సిద్ధమే అనుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం కూడా వండకుండా కూర్చుని రాశాను. క్లాసులో చెప్పిన నియమం ఒక్కటీ వదల్లేదు. ముందు వెతికాను. శీర్షిక పెట్టాను: "కింది బాణానికి మా గదిలో ఉన్న అర్థం". కృతజ్ఞతలు ముందే చెప్పాను. మా ఆయన వంటింట్లో గిన్నెలు వెతుక్కుంటూ వచ్చి నా భుజం మీదనుంచి చదివాడు.

"బాగుంది. కానీ చివర ఒక ప్రశ్న వెయ్యి. ఊరికే చెప్పేసి వదిలేస్తే జనం కదలరు."

"నీకెలా తెలుసు?"

"ఇంట్లో చూడట్లేదూ? నువ్వు అడిగితేనేగా నేను కదిలేది!"

నిజమేననిపించింది. చివర ఈ ముక్క చేర్చాను: "ఈ సంగతి సారుకి దగ్గరుండి చెప్పడానికి రేపు భోజనాల వేళ నాతో ఎవరెవరు వస్తారు?"

నా చేతులు విరిచెయ్యాలి! మా ఆయన నోరు కూడా!

మర్నాడు పైన ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. బండి మీద బండి దిగుతోంది. భోజనాల వేళైనా చేతిలో ట్రే దించి నీళ్ళు తాగే తీరిక కూడా ఎవరికీ లేదు. అంత హడావుడిలోనూ మా వాళ్ళు మర్యాద మరవలేదు. ఒక్కొక్కరూ చేతి తొడుగులు తీసి, ఫోను తెరిచి, నా పోస్టు చదివి, "అయ్యో, నాకు కుదరదే" అని నొచ్చుకుని, కింది బాణం నొక్కి, మళ్ళీ తొడుగులు వేసుకున్నారు. అందరికంటే ముందు నొక్కింది మూటల వదిన. రెండో షిఫ్టువాళ్ళు ఇళ్ళనుంచి నొక్కారు. కాన్పయిన పిల్ల మళ్ళీ నొక్కింది. మధ్యాహ్నానికి నా పోస్టు మడతపడి అడుక్కి పోయింది. తెరవబోతే "ఈ అభిప్రాయాన్ని సముదాయం తిరస్కరించింది" అని వస్తోంది.

నేనొక్కదాన్నే పైకి పరిగెత్తాను. స్లైడ్ల సారు జాలిగా చూశాడు.

"చూశారా, మీ వివరణని మీవాళ్ళే ఒప్పుకోలేదు."

"అవి ఒప్పుకోకపోవడాలు కావు సార్, రాలేకపోవడాలు! అందులో రాసిందే అది!"

"మీ బాధ అర్థమైంది. కానీ డౌన్‌వోట్లు వచ్చినప్పుడు వాదించకూడదండీ. వాదిస్తే ఇంకా వస్తాయి. మూడో స్లైడులో చెప్పాను."

గోడకి తల బాదుకుందామంటే ఆ గదిలో గోడలు కూడా గాజువి.

కిందికి వచ్చి మా వాళ్ళమీద విరుచుకుపడ్డాను. అందరూ నాలుక కరుచుకున్నారు. మూటల వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీ మీద ప్రేమతో నొక్కానే తల్లీ," అంటే ఇక ఏమని తిట్టేది? అందరం కలిసి ఒక ఎత్తు వేశాం. పెద్దక్క అప్పుడే గురువారం సాయంత్రం డ్యూటీకి ఎవరైనా వస్తారా అని కొత్త పోస్టు పెట్టింది. దానికి అందరం పై బాణాలు నొక్కేద్దాం, సారు గీతల బొమ్మ తిరగబడుతుంది. పెద్దక్కకి చెప్పొద్దు, చెబితే వద్దంటుంది.

టపటపా నొక్కేశాం. పెద్దక్క పోస్టు మొదటిసారి వేదికలో అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది.

నొక్కడమైతే నొక్కాం గానీ, గురువారం పొద్దు తిరిగేసరికి ఇంట్లో నాకు కాలు నిలవలేదు. పైకి నొక్కి వెళ్ళకపోతే మాట తప్పినట్టే కదా. మిగతావాళ్ళంతా బొమ్మ కోసం ఊరికే నొక్కి ఉంటారు, నేను కూడా వెళ్ళకపోతే ఆ డ్యూటీకి ఎవరుంటారు? చెప్పులేసుకుని బయల్దేరాను. గది తలుపు తోసేసరికి లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. ప్రతి ఒక్కత్తీ నాలాగే ఆలోచించి వచ్చింది. మధ్యలో సైరన్, ఆ సాయంత్రం పెద్దక్కతో పాటు డ్యూటీ పడ్డ మనిషి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

"ఏంటిది? పెళ్ళివారిలా గుంపుగా దిగారేం?"

"పెద్దక్క కోసం," అంది మూటల వదిన, గొంతు సవరించుకుంటూ.

సైరన్ మమ్మల్ని ఒక్కొక్కరినీ పైనుంచి కిందిదాకా చూసింది. "వచ్చారుగా, ఉత్తినే నిలబడతారా? ఆ అటక మీది పాత ట్రేలన్నీ దించి తోమండి," అంది. చచ్చినట్టు తోమాం. ఎవరో పెద్దక్కకి ఫోను చేసి చెప్పారు. అవతల ఆవిడ ఏడుపు, వెనకనుంచి "నా కోడల్ని ఎవరే ఏడిపిస్తున్నారూ?" అని ముసలావిడ గదమాయింపు, రెండూ మా చెవినపడ్డాయి. మాకూ ఏడుపొచ్చింది. గెలిచేశామనే అనుకున్నాం.

మర్నాడు స్లైడ్ల సారు కొత్త బొమ్మ వేశాడు. ఒక్క షిఫ్టులో అవసరానికి మించి ఎంత జనమో ఎర్రగా చూపించాడు. ఒకే ఒక్క పోస్టు గది మొత్తాన్ని అస్తవ్యస్తం చేసిందని తేల్చాడు. ఆ తర్వాత ఇన్‌ఛార్జి పేరు చెప్పాడు. వేదిక పెట్టిన నాటినుంచీ ఒక్క డౌన్‌వోటు కూడా పొందని, అందరి మన్ననా పొందిన ఏకైక వ్యక్తి.

సైరన్!

చప్పట్లు కొట్టింది ఆయనొక్కడే. సైరన్ లేచి, పనుందని కిందికి దిగిపోయింది. పెద్దక్క మొహం చూడలేకపోయాను. "పోనీలే చెల్లీ, కొత్త వారం డ్యూటీ పట్టిక వేసిన రోజున ఆవిడకే చెప్పి మానేస్తాను," అంది. ఆ మాట అన్న గొంతులో కోపం కూడా లేదు.

పట్టిక వేసే రోజు రానే వచ్చింది. సైరన్ కాగితం తెచ్చి గోడకి గుచ్చింది. మేం ఎవరమూ దగ్గరికి పోలేదు. పెద్దక్కే తొడుగులు తీసేసి, చెప్పాల్సిన మాట కూడదీసుకుంటూ ఆవిడ దగ్గరికి నడిచింది. దారిలో కళ్ళు పట్టిక మీద పడ్డాయి. అక్కడే ఆగిపోయింది.

నేను వెళ్ళి చూశాను. పెద్దక్క పేరుకి ఎదురుగా వారం పొడుగునా పగటి డ్యూటీలే. ఆవిడకి పడాల్సిన సాయంత్రం డ్యూటీలన్నిటికీ ఎదురుగా ఒకటే పేరు, ఇన్‌ఛార్జిది.

"ఇన్‌ఛార్జి డ్యూటీ పగలు కదండీ?" అన్నాను, నమ్మలేక.

"పగలే చెయ్యాలని ఎక్కడైనా రాసుందా? సాయంత్రం తేలు కుడుతుందా ఇన్‌ఛార్జిని?" అంది సైరన్. గొంతు ఎప్పటిలాగే గదంతా మోగింది. "సాయంత్రం నాకు ఇంట్లో ఏం పని? తలుపు తీసి గోడల్ని పలకరించడమేగా."

"మరి ఇన్నాళ్ళూ..." అని నేను నసిగాను.

"ఇన్నాళ్ళూ ఏమిటి? నువ్వు సారు దగ్గరికెళ్ళావు. పోస్టు రాశావు. గది నిండా జనాన్ని దింపావు. పెద్దక్క సాయంత్రాల కోసం లోకమంతా తిరిగొచ్చావు. ఈ బల్లకి అవతల నేనున్నాను. నన్నొక్క మాట అడిగావా?"

"అడక్కపోతే ఏం, పోస్టు చూసి పైకి నొక్కొచ్చుగా మీరు?" అంది మూటల వదిన, ఉండబట్టలేక.

"నొక్కాను." ఈసారి గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గడం మేం వినడం అదే మొదలు. "మొదట్లో పెద్దక్క పోస్టుకే నొక్కాను. కాసేపటికల్లా మీరంతా గుసగుసలాడుకుని ఆ డ్యూటీ ఇంకొకరికి సర్దేశారు. నా దగ్గర ఒక సాయం పుచ్చుకోవడం కూడా మీకు నామోషీ అయింది. నన్ను వెనకాల ఏమని పిలుస్తారో కూడా నాకు తెలుసు. ఆ పోస్టులన్నీ చూస్తూనే ఉన్నాను. ఇక నొక్కలేదు."

పెద్దక్క వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. సైరన్ విదిలించుకుంది.

"ముందు తొడుగులు వేసుకో. బండి వస్తోంది," అంది, అటు తిరిగిపోతూ.

స్లైడ్ల సారుకి ఈ సంగతి చేరింది. ఆ వారంలోనే ఇంకో క్లాసు పెట్టాడు. డౌన్‌వోట్ల లెక్కతో ఎంచుకుంటే ఎంత దయగల నాయకురాలు దొరికిందో చూడండని మిగతా విభాగాలకి మా గదినే ఉదాహరణగా చూపించాడు. నేను ప్రశ్నేమీ వెయ్యలేదు. వేసి ఆయన పుస్తకం నింపడం ఎందుకు?

కొత్త పట్టిక మొదలైన రోజు సాయంత్రం పెద్దక్క చీకటి పడకముందే సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. నా డ్యూటీ కూడా అయిపోయింది. మిగతావాళ్ళంతా కబుర్లు చెప్పుకుంటూ మెట్లెక్కారు. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాను. అప్పుడే దిగిన బండి దగ్గర ఆవిడొక్కతే నిలబడి, భూతద్దం కింద ఒక్కొక్క పటకారూ తెరిచి చూసుకుంటోంది. నాకెందుకో కాలు బయటికి పడలేదు.

"టీ తాగుదామా అక్కా?" అన్నాను.

అక్కా అని ఆవిణ్ణి మా గదిలో ఎవరూ పిలవలేదు. ఆవిడ తలెత్తలేదు.

"డ్యూటీ అయిపోయినవాళ్ళకి ఇక్కడేం పని? ఇంటికి పో," అని గట్టిగా కసిరింది. కసురుతూనే, బల్ల కింద ఉన్న స్టూలుని కాలితో నా వైపు తోసింది.